ఎండిన బావి అద్దె

1 ఫిబ్రవరి 2007, గురువారం

వాకిలి చల్లి ముగ్గు. బోరు నీళ్ళు బట్టలో వడగట్టి రాగి బిందెకు. పాలు లీటరున్నర. జొన్న రొట్టెలు తొమ్మిది. బట్టలు రెండు బకెట్లు. కందిపప్పు ఎండకు పెట్టి, సాయంత్రం డబ్బాకెత్తాను. లక్ష్మణ్ బావి అద్దె ఆరు వందలు ఇచ్చాడు.

యమున నిన్న వచ్చింది. ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి పంపారు, లేకపోతే పెద్దమందడి వాళ్ళు ఏదీ అంత తేలిగ్గా చేయి వదలరు. పిల్ల చిక్కి వచ్చింది. వియ్యపురాలు బుజ్జమ్మ ఇంటి శుభ్రం పెళ్ళిచూపుల నాడే చూశాను. కళాయి లేని ఇత్తడి గిన్నెలో మజ్జిగ. పులుపు తగిలితే ఇత్తడైనా రాగైనా కరిగి కడుపులోకి పోతుందని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ రోజు మజ్జిగ ముట్టకుండా లేచి వచ్చాను. పిల్లను మాత్రం ఇచ్చాను.

బావి సంగతి ఒకసారి రాసి పెట్టుకోవాలి, ఆయన మరచిపోతాడు. మా పెరటి గోడ అవతల షెడ్డులో లక్ష్మణ్ విత్తనపు పత్తి గింజలు కడుగుతాడు. గింజకు అంటుకున్న నూగు పోవడానికి ఆసిడ్ పోసి కలిపి, నల్లబడ్డాక నాలుగు నీళ్ళలో కడగాలి. ఆ కడుగు నీళ్ళు వీధి మోరీలో వదిలితే మున్సిపాలిటీ వాళ్ళు వస్తారు. మా పెరట్లో పదేళ్ళుగా ఎండిపోయిన బావి ఉంది. డిసెంబరులో నేనే పిలిచి మాట్లాడాను. ఆయన నాలుగు వందలకే తలూపబోయాడు. మార్కెట్ యార్డులో గుమాస్తాగా ఇన్నేళ్ళు బేరాలు రాశాడే గాని, ఒక్కటీ నేర్చుకోలేదు. ఆరు వందలకు నేను తెగ్గొట్టాను. ఎండిన గుంతకు అద్దె తెచ్చుకునే ఇల్లు గద్వాలలో ఇంకొకటి ఉందేమో చూడాలి.

4 ఫిబ్రవరి, ఆదివారం

పక్కింటి భీమమ్మ చక్కెరకు వచ్చి రాగి బిందె చూసి నిలబడిపోయింది.

"అక్కా, ఏమేసి తోముతున్నవ్ దీన్ని? అద్దం లెక్కుంది."

నేను తోమి పదిహేను రోజులు దాటింది. బయటికంటే లోపల ఎక్కువ మెరుస్తోంది. చింతపండు ఖర్చే లేదు. ఆ మాట ఆమెకెందుకు.

"చేతి పని భీమమ్మా," అన్నాను.

"మాకేడ తీరుతదక్కా. మావి పిలాస్టిక్ బిందెలే."

రెండు రోజులకోసారి వచ్చే నల్లా కోసం తెల్లారకముందే వరసలో నిలబడి, మోరీ పక్కనుంచి వచ్చే పైపు నీళ్ళు పట్టి, పసుపు రంగు ప్లాస్టిక్ బిందెల్లో మూత లేకుండా పెట్టుకుంటారు. ఆ ఇంట్లో ఎవరికీ జ్వరం కూడా రాదు. కొన్ని ఒళ్ళు మురికికి అలవాటు పడిపోతాయి.

మాకు సొంత బోరు. అయినా వడగడతాను, తులసాకు వేస్తాను, రాత్రంతా రాగిలో ఉంచుతాను.

9 ఫిబ్రవరి, శుక్రవారం

యమునకు పొద్దున్నే వాంతి. పరగడుపున రెండు గ్లాసుల రాగి నీళ్ళు ఇస్తున్నాను. గర్భిణికి అంతకంటే మంచిది లేదని వారపత్రికలో కూడా రాశారు.

"అమ్మా, నోట్లె రూపాయి బిళ్ళ పెట్టుకున్నట్టుంది."

"గట్లనే ఉంటది. తాగు."

"ఏడో నెలల వాంతులేందమ్మా? మూడో నెలకే బందైనయి గద."

"మీ అత్త పెట్టిన తిండి ఇప్పుడు బయటికొస్తుంది. పోనీ."

నవ్వింది. నవ్వి మళ్ళీ వాంతి చేసుకుంది.

10 ఫిబ్రవరి

పాలు విరిగాయి. వెంకటన్నకు చెప్పాలి.

12 ఫిబ్రవరి

మళ్ళీ విరిగాయి. యమునకు వాంతి రెండుసార్లు. రాగి నీళ్ళు మూడు గ్లాసులు చేశాను.

16 ఫిబ్రవరి, శివరాత్రి

ఇల్లు కడిగాను. దీపాలు. అభిషేకానికి పాలు విడిగా తీసిపెట్టాను, అవి బాగానే ఉన్నాయి. ఉపవాసానికి కాచినవి ముద్దకట్టి విరిగాయి. పండుగ పూట మూడోసారి. వెంకటన్నను వాకిట్లోనే నిలబెట్టాను.

"నీళ్ళు కలుపుతవా అంటే ఒప్పుకుంటనమ్మా. జర కలుపుత. కలపనోడెవడు? పులిసిన పాలు మాత్రం పొయ్య. పొద్దుగాల పిండింది పొద్దుగాలే తెస్త."

"మరెందుకు విరుగుతున్నయ్? నా గిన్నె మంచిది కాదా?"

"గిన్నె సంగతి నాకు తెల్వదు. భీమమ్మక్కకు గవే పాలు, గదే క్యాను. ఆమె చాయ తాగుతనే ఉంది."

"భీమమ్మ విరిగినా తాగుతది."

అది విని గోడవతల భీమమ్మ నవ్వింది. నవ్వాల్సిన మాట కాదు.

ఈ నెల పదహారు రోజుల పాలకు మూడు వందల ముప్పై ఆరు అయింది. ఇవ్వనని చెప్పాను. చెడ్డ సరుకుకు డబ్బిచ్చే అలవాటు ఈ ఇంట్లో లేదు. వాడు క్యాను మూత పెట్టుకుంటూ, "సరెనమ్మా, నీ ఇష్టం. శివరాత్రి పూట నేనేమంట," అని సైకిలెక్కాడు. ఎదురు మాట్లాడనివాడు తప్పు చేసినట్టే.

ఆయన పేపరు దించకుండానే అన్నాడు, "ఇరవై ఏండ్ల సంది పోస్తుండే పాపం."

"అందుకే గా ధైర్యం," అన్నాను.

20 ఫిబ్రవరి, మంగళవారం

ప్యాకెట్ పాలు మొదలుపెట్టాను. అవీ విరిగాయి. అడుగంటకుండా గిన్నెలో ముందు అర గ్లాసు నీళ్ళు పోసి, దాని మీద పాలు పోసి కాచడం మా అమ్మ నేర్పింది. ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. లోపం నా దగ్గర ఉండే వీల్లేదు. డెయిరీ వాడు కూడా వెంకటన్నకు అన్నే.

నాకూ నాలుగు రోజులుగా ఛాతీలో మంట. చింతపండు ఎక్కువైంది కాబోలు.

24 ఫిబ్రవరి, శనివారం

యమునను లేడీ డాక్టరుకు చూపించాను. బరువు కిలోన్నర తగ్గింది. డాక్టరమ్మ పేరు రాస్తూ రాస్తూ అడిగింది, "ఏం నీళ్ళు తాగుతారు?"

"బోరు నీళ్ళు. వడగట్టి, రాగి బిందెలో పోసి, తులసాకు వేసి."

"మంచిదే," అని టానిక్ రాసింది. ఇంత చదివి మంచిదే అనడానికి వంద రూపాయలు.

బయటికి వచ్చాక యమున అంది, "అమ్మా, కొన్ని దినాలు ఆ రాగి నీళ్ళు ఆపి చూద్దమా?"

"డాక్టరే మంచిదనె. నువ్వు డాక్టరువా?"

1 మార్చి, గురువారం

లక్ష్మణ్ అద్దె ఇవ్వడానికి వచ్చాడు. సీజను జోరుమీద ఉందట, కడుగు నీళ్ళు రెట్టింపయ్యాయట.

"అయితే అద్దె గూడ పెరగాలె."

"నీతోని కాదు వదినా," అని ఎనిమిది వందలు తీశాడు.

"బావి నిండిపోతదా ఏంది?"

"యాడ నిండుతది? పోసింది పోసినట్టే గుంజుకుంటుంది. మీ బావి బంగారం వదినా."

వాడి చొక్కా నిండా ఆసిడ్ చిల్లులు. ఆ డబ్బుతో ముందు ఒక చొక్కా కొనుక్కోవచ్చు.

బట్టలుతికే చోట, పంపు కింద నాపరాయి గరుకెక్కింది. వేసి ఏడాది కాలేదు. బండలమ్మినవాడిది మోసం.

5 మార్చి, సోమవారం

చెప్పాపెట్టకుండా బుజ్జమ్మ దిగింది. అల్లుడు శ్రవణ్ కుమార్ జీపులో తెచ్చాడు. వెంట రెండు పెద్ద క్యాన్ల నీళ్ళు. మా ఇంటికి నీళ్ళు మోసుకొచ్చారు.

"పిల్లకు మా బాయి నీళ్ళు అలవాటు వదినా, అందుకని," అంది. వచ్చీ రాగానే మా నీళ్ళు అర గ్లాసు తాగి, గ్లాసు పట్టుకుని అట్లాగే కూర్చుంది.

"ఏమనుకోకు వదినా. మీ నీళ్ళు పుల్లగున్నయి."

"తులసాకు వేస్తం. మీ దిక్కు అలవాటుండదు."

"తులసి ఘాటుంటది గని పుల్లగుండదు గద."

మజ్జిగను ఇత్తడిలో పోసే మనిషి నాకు రుచులు చెప్పింది.

తరువాత నా వంటింట్లోకే వచ్చి, "నువ్వు కూసో, చాయ నేను పెడుత," అని తన క్యాను నీళ్ళతో, మా ప్యాకెట్ పాలతో చాయ పెట్టింది. విరగలేదు. రాయాల్సినంత సంగతేమీ కాదు. రాశాను.

పోయే ముందు యమున చేతిని తన చేతిలో పెట్టుకుని చూసింది. గాజులు మోచేతిదాకా జారాయి.

"పది దినాలు చూస్త వదినా. తేరుకోకుంటే తీస్కపోత. కాన్పు మా దగ్గర్నే."

"తొలి కాన్పు అత్తగారింట్ల చేసిన ఇల్లు ఎక్కడన్న ఉన్నదా?"

"లేకుంటే మాదే మొదలైతది."

అల్లుడు నేల చూస్తున్నాడు. ఆ కుర్రాడికి నేల చూడడం తప్ప మరో పని నేర్పలేదు. తొలి కాన్పు తల్లి చేతిలో జరగలేదంటే ఊరు నన్నేమనుకుంటుందో ఆమెకు బాగా తెలుసు. తెలిసే అంది.

9 మార్చి, శుక్రవారం

నాలుగు రోజులుగా యమునకు వాంతి లేదు. రొట్టె రెండు తింటోంది. వాళ్ళ క్యాను నీళ్ళే తాగుతానని పట్టుబట్టింది, పోనీలే అన్నాను. టానిక్ పనిచేస్తున్నట్టుంది.

10 మార్చి

క్యాన్లు అడుగంటాయి. ఒక చెంబుడు మిగిలింది. రేపటి నుంచి మన నీళ్ళే అన్నాను.

11 మార్చి, ఆదివారం

పొద్దున మూడు గ్లాసులు నేనే దగ్గర నిలబడి తాగించాను.

పదింటికల్లా కడుపు పట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చుండిపోయింది. వాంతి ఆగలేదు. "అమ్మా, పొద్దటి సంది లోపల కదుల్తలేదే," అంది.

ఆటోలో దవాఖానకు. సెలైన్ ఎక్కించారు. సాయంత్రం నాలుగింటికి కదిలింది. యమున నా చేయి తీసి కడుపు మీద పెట్టుకుంది.

ఈ రోజు ఇంటి పనులేవీ చేయలేదు.

12 మార్చి, సోమవారం

యమున దవాఖానలోనే ఉంది, ఆయన కాపలా ఉన్నాడు. నేను బట్టలకని ఇంటికి వచ్చాను.

బట్టలు సర్దాక పొయ్యి దగ్గర నాలుగు చిన్న గిన్నెలు పెట్టాను. అన్నింట్లో ఒకే ప్యాకెట్ పాలు, గిన్నెకు అర గ్లాసు. మొదటిదాంట్లో బుజ్జమ్మ క్యానులో మిగిలిన నీళ్ళు. రెండోదాంట్లో నల్లా నీళ్ళు. ఇవి భీమమ్మను అడిగి తెచ్చాను, పూజకని చెప్పాను. నల్లా నీళ్ళతో పూజేందక్కా అని ఆమె అడగలేదు, అది ఆమె మంచితనమో మందమతో తెలియదు. మూడోదాంట్లో బోరు నీళ్ళు. నాలుగోదాంట్లో రాగి బిందె నీళ్ళు.

మొదటి గిన్నెలో పాలు పొంగాయి. రెండోదాంట్లో పొంగాయి. మూడోది పొంగకముందే విరిగింది. నాలుగోది మంట మీద పెట్టి కొంగుతో చేయి తుడుచుకునేలోపే విరిగింది.

గిన్నెలు దించి బిందెలో చేయి పెట్టి చూశాను. లోపల అంతా కొత్త రాగి. నెల దాటింది తోమక. చింతపండు చేసే పని ఏదో నీళ్ళే చేస్తున్నాయి. తోమితే పోయే చిలుము మోరీలో పోతుంది. ఇది గ్లాసులోకి పోయింది.

మూడు గ్లాసులు.

పెరట్లోకి వెళ్ళాను. బావి ఎండే ఉంది. రాయి వేస్తే నేలకు తగిలిన చప్పుడే వచ్చింది. ఒడ్డున ఉండే నాచు గడ్డి మాడిపోయి ఉంది, లోపలి రాళ్ళు తెల్లగా తేలాయి. అప్పుడే గోడవతల నుంచి లక్ష్మణ్ పనివాళ్ళు పైపు విప్పారు. నల్లటి నురుగు నీళ్ళు దభదభా పడ్డాయి. నేను చూస్తుండగానే ఇంకిపోయాయి. ముక్కు మండింది. మూడు నెలలుగా అంత నీరు మింగి ఎండిగానే ఉన్న బావి ఆ నీటిని ఎటు పంపిందో చూడడానికి వెనక్కి తిరిగితే చాలు. మా బోరు అక్కడే, నా చీర ఆరేసే తీగ కింద ఉంది.

బోరు మోటారు స్విచ్చి తీసేశాను.

13 మార్చి, మంగళవారం

లక్ష్మణ్‌ను పిలిపించాను.

"ఇగ బంద్. పైపు తీసెయ్."

"ఏమైంది వదినా, అద్దె చాల్తలేదా?"

"నీ నీళ్ళు నా బోర్లకు వస్తున్నయి."

వాడు తల గోక్కున్నాడు. "మరి నీళ్ళు కిందికే పోతయి గద వదినా. డిసెంబర్ల చెప్పిన గద, బోరు దగ్గరున్నది, జర చూస్కో అని. నువ్వే అంటివి, బోరు రెండు వందల ఫీట్లు, బావి నలభై, దానికీ దీనికీ సంబంధం లేదని."

అట్లా అన్నట్టు నాకు గుర్తు లేదు.

మార్చి అద్దె ఎనిమిది వందలు వాడి చేతిలో పెట్టాను. నా ముందే నోట్లు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. కడుపుతో ఉన్న పిల్ల దవాఖానలో ఉందని తెలిసి కూడా నోట్లు లెక్కపెట్టే మనిషి. అసహ్యమేసింది.

అన్నాననుకున్నా, కొలతలు తప్పు కాదు. బోరు రెండు వందల అడుగులే.

14 మార్చి, బుధవారం

బుజ్జమ్మ దవాఖానకే వచ్చింది. ఎగతాళి చేస్తుందని సిద్ధంగా ఉన్నాను. చేయలేదు. యమున తలకు నూనె రాసి జడ వేసింది. తరువాత నా పక్కన బెంచీ మీద కూర్చుని, "నీళ్ళేనా వదినా?" అని అడిగింది.

"బోర్ల ఆసిడ్ కలిసింది."

"ఎవడు కలిపిండు?"

పక్క మంచం ఆవిడ మా మాటలు వింటోంది. ఇట్లాంటి చోట ఏం మాట్లాడతాం.

"ఎనక గింజలు కడుగుతరు," అన్నాను.

"వాన్ని జైల్లెయ్యాలె," అంది బుజ్జమ్మ.

ఔనన్నాను.

ఆయన అక్కడే ఉన్నాడు. ఈసారి పేపరు లేదు చేతిలో. నన్నే చూస్తూ కూర్చున్నాడు.

యమునను జీపెక్కించారు. కాన్పు పెద్దమందడి నుంచే, వనపర్తి దవాఖానలో. నేను అడ్డు చెప్పలేదు. జీపులోంచి యమున చేయి బయటికి పెట్టి, "అమ్మా, నువ్వు గూడ ఆ నీళ్ళు తాగకు. నువ్వు తాగుతనే ఉన్నవ్ గద," అంది.

నేను తాగేది దాని గ్లాసులో మిగిలినదే.

20 మార్చి, ఉగాది

పచ్చడి ఇద్దరికి. నీళ్ళు భీమమ్మ ఇచ్చింది, పసుపు ప్లాస్టిక్ బిందెతో సహా. "రాగి బిందె ఏమైందక్కా?" అంది. బోర్లించాను అని చెప్పాను.

పచ్చడిలో చింతపండు తగ్గించాను. ఆయన తిని, పుల్లగా లేదన్నాడు. మూడు రోజుల్లో ఆయన అన్న మొదటి మాట.

26 మార్చి

మున్సిపాలిటీకి వెళ్ళి నీళ్ళ సంగతి రాసిచ్చాను. గుమాస్తా చదివి, "బావి ఎవరిదమ్మా?" అని అడిగాడు. ఇట్లాంటివాళ్ళకు ఉద్యోగాలు ఎవరిస్తారో.

2 ఏప్రిల్, సోమవారం

లక్ష్మణ్ పైపు మా పెరట్లోంచి తీసి రెండు సందుల అవతల జములమ్మ పెరట్లో వేశాడు. ఆమెదీ ఎండిన బావే. వెళ్ళి చెప్పాను. గడప మీదే నిలబెట్టి మాట్లాడింది.

"నీకు వచ్చే పైసలు నాకు వస్తున్నయని కడుపుల మంట గాని, ఎండిన బావికి ఏమైతదక్కా?" అంది. "నేను తొమ్మిది వందలకు తెగ్గొట్టిన. నువ్వు ఎనిమిదికే ఒప్పుకున్నవంట గద."

ఎంత గర్వం ఆ ముఖంలో. పెదవి ఎట్లా విరిచిందో. మనిషి అంత మూర్ఖంగా ఉండొచ్చని చూస్తే గాని నమ్మలేం.

వాళ్ళకు బోరు ఎంత దూరంలో ఉందో చూసి వచ్చాను. "నీళ్ళతో పాలు కాచి చూడు. విరిగిన నాడు నాకు చెప్పు," అన్నాను. "మా పాలాయన మంచోడే," అంది.

22 ఏప్రిల్, ఆదివారం

పొద్దున ఫోను. ఆడపిల్ల. రెండు కిలోల ఏడు వందలు. ఇద్దరూ క్షేమం. ఫోను బుజ్జమ్మే చేసింది, యమున చేత చేయించలేదు. తాను ముందు చెప్పాలని.

"నీ ముక్కే వదినా," అంది. ఆ మాట ఎందుకు అన్నట్టో.

24 ఏప్రిల్, మంగళవారం

వాకిలి చల్లి ముగ్గు. నల్లా నీళ్ళు నాలుగు బిందెలు, భీమమ్మ తర్వాత వరసలో. కాచి, చల్లార్చి, స్టీలు డ్రమ్ముకు. రాగి బిందె అటక మీదికి. రొట్టెలు నాలుగు. బట్టలు ఒక బకెట్. చంటిదానికి పాత మెత్తటి చీర చింపి గుడ్డలు పన్నెండు, ఉతికి ఎండేశాను. రేపు పెద్దమందడి బస్సు.

సాయంత్రం వెంకటన్న ఇంటికి వెళ్ళాను. దారి అడుక్కుంటూ పోవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా వాడే వచ్చాడు గాని నేనెప్పుడూ పోలేదు. బర్రెకు తౌడు కలుపుతున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుని నిలబడ్డాడు.

"ఏందమ్మా, గింత దూరం?"

డబ్బులు చాచాను. "ఫిబ్రవరివి. లెక్కపెట్టుకో."

"లెక్కెందుకమ్మా, నువ్విస్తే తక్కువుండదు." నోట్లు అట్లాగే మడిచి తలపాగాలో దోపాడు. నా ముఖం చూశాడు. "మనుమరాలంట గద."

"ఔ."

"మల్ల పాలల్ల తప్పేముండె అమ్మా? నాకు గదొక్కటి సమజైతలేదు. రెండు నెలల సంది బర్రెనే చూస్తున్న."

వాకిట్లో బర్రె కూడా నన్నే చూస్తోంది.

"పాలు మంచివే," అన్నాను.

వాడు బర్రె మెడ నిమిరి, "రేపటి సంది తేవాల్నా?" అన్నాడు.

"ఎల్లుండి నుంచి. ఇద్దరమే, అర లీటరు చాలు."

"తెస్తలే."

అర లీటరు కోసం అంత దూరం సైకిలు తొక్కితే వాడికేం గిట్టుతుంది? లెక్క తెలియని మనిషి.

వెంకటన్న పాల బాకీ, మూడు వందల ముప్పై ఆరు. చెల్లు.